ఒక ముద్ద తక్కువ

పొద్దు గూకే వేళకు తిరుపాలమ్మ పొయ్యి రాజేసిందంటే, గండికోట చూసొచ్చిన అతిథులు ఫోన్లు పట్టుకుని వంటింటి గడప దగ్గర చేరడం మామూలే. జమ్మలమడుగు నుంచి కోటకు పోయే దారిలో ఉంది వాళ్ళ ఊరు. ఆమె మొగుడు ఆదినారాయణ జబ్బుపడి బండల పాలిష్ పని మానుకున్నాక, బాడుగకు కారు తిప్పుకునే ఆమె అక్క కొడుకు మహేష్ ముందరి గదికి సున్నం కొట్టించి, ‘పల్లె బస’ అని బోర్డు రాయించి, అతిథులను తోలుకురావడం మొదలుపెట్టాడు. పల్లె జీవితం చూడ్డానికి వచ్చినవాళ్ళకు పల్లె జీవితమే చూపించాలి కదా. ఎసట్లో నూకలు ఉడకడం, దాని మీద రాగిపిండి కుప్పగా పోయడం, తిరుపాలమ్మ కుండను దించి గుడ్డ చుట్టి రెండు పాదాల మధ్య బిగించి కట్టెతో సంగటి గెలకడం, అన్నీ వీడియో తీసుకునేవాళ్ళు. ఆమె ముంజేతి ఎముకలు తేలి కనబడుతుంటే, పల్లెటూరి మనుషులకు ఒంట్లో కొవ్వన్నదే ఉండదని మెచ్చుకునేవాళ్ళు.

ఆ కుండది ఒక పద్ధతి. పిండి ఎంత పోసినా, ఆ రాత్రి ఆ ఇంట్లో తినేవాళ్ళు ఎంతమందో అన్ని ముద్దలే అవుతాయి. ఒకసారి బెంగళూరు నుంచి మొగుడూ పెళ్ళామూ వస్తే ఒక ముద్ద తక్కువొచ్చింది. చూస్తే ఇద్దరూ నవ్వుకుంటూ ఫోటోలు దిగుతున్నారు. సంగటి చల్లారేలోపల దేనికో మాటామాటా పెరిగి, మొగుడు కారెక్కి ప్రొద్దుటూరు దారి పట్టాడు. తిరుపాలమ్మ అప్పటికే వాళ్ళకని ఒక్క పళ్ళెమే కడిగి పెట్టింది.

ఎవరూ కదిలేది లేకుండా, అందరూ ఇంట్లోనే ఉండి ఒక ముద్ద తక్కువైతే మాత్రం అది వేరే లెక్క. ఎవరి ముద్ద రాలేదో వాళ్ళే ఆ రాత్రి పస్తుంటే తెల్లారి లేవరు. వాళ్ళ బదులు ఇంకొకరు పస్తుంటే ఆ రోజుకు గండం గడుస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త ఈ మాట చెప్పింది. ఈ ఇంటి ఆడవాళ్ళు ఆఖర్న తినేది అందుకేననీ, తక్కువైతే నీళ్ళు తాగి పడుకోవాలనీ, ఎవరినీ ఏమీ అడగకూడదనీ చెప్పింది. ఊరందరికీ తెలుసు. వాళ్ళ కుండ అట్లాంటిదిలే అనుకునేవాళ్ళు, అంతే.

ఉగాది ముందునుంచి ప్రతి రాత్రీ ఒక ముద్ద తక్కువగానే వస్తోంది. అది ఎవరిదో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. నాపరాళ్ళ దుమ్ము ఏళ్ళ తరబడి మింగి ఆదినారాయణ ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఇంక ఆస్పత్రిలో ఉండి లాభం లేదు, ఇంటికి తీసుకుపోయి అడిగింది చేసిపెట్టమని చెప్పి పంపేశారు. తిరుపాలమ్మ చేసి పెట్టింది. తనకు రావలసిన ముద్దను అతని పళ్ళెంలో పెట్టి, తను నీళ్ళు తాగి పడుకుంది. పగలు అతిథులకు చేసిన బొరుగుల ఉగ్గాని మిగిలితే ఇంత నోట్లో వేసుకునేది గానీ, రాత్రిళ్ళు మాడి మాడి, తిన్నది ఒంటికి పట్టడం మానేసింది. రవికెలు వదులైతే కుట్లు వేసుకుంది. ఆ వేసవి దాటడనుకున్న ఆదినారాయణ మాత్రం వానాకాలం దాటాడు, ఒళ్ళు చేశాడు, వచ్చే ఏడు ఒక ఆవును కొందామనడం కూడా మొదలుపెట్టాడు.

అతనికి తెలియదా అంటే, ఆ ఇంట్లో పుట్టిన మనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? కుండలోకి తొంగిచూడకుండా, ఆమె ముఖం చూడకుండా, తన ముద్ద తను తినేసి చెయ్యి కడుక్కునేవాడు. పక్కింటి మైమూన్‌కు ఇది చూస్తే ఒళ్ళు మండేది.

“అక్కా, ఇట్లే ఉంటే నువ్వు ముందు పోతావు,” అంది ఒకరోజు గోడ మీదుగా. “నువ్వు పోయినాక ఆయప్పకు పస్తుండేదెవురు? మరుసటి రాత్రికే నీ వెనకాల వస్తాడు. ఏం మిగిలిస్తాండావని ఇట్ల మాడి చస్తాండావు?”

 మొగుడు బతకాలి, అంతకు మించి తిరుపాలమ్మ ఆలోచించలేదు.

అప్పుడు వచ్చింది జాహ్నవి. హైదరాబాదులో ఏదో ఆఫీసులో పని, ఒంటరిగా వారం రోజులు ఉండి పోదామని వచ్చింది. మంచి పిల్ల. అందరిలాగా ఫోటోలు తీసుకుని ఊరుకోకుండా కసువు ఊడ్చేది, అంట్లకు చెయ్యి వేసేది. రాత్రి అన్నాల దగ్గర మాత్రం పేచీ పెట్టేది. మీరెందుకు మాతో కూర్చోరని ఆమె అడగడం, మీరు తినండి పాపా నేను వెనక తింటాలే అని ఈమె అనడం, రోజూ ఇదే.

పోయే ముందురోజు మధ్యాహ్నం ఆ పిల్ల పందిరి కింద ఆదినారాయణనే అడిగింది, అసలు ఆంటీ అన్నం తినగా మీరెప్పుడన్నా చూశారా అని.

“అది మొదట్నుంచీ అంతే పాపా,” అన్నాడు ఆదినారాయణ. “శానా తక్కువ తింటాది. దానికి ఆకలే ఉండదు.”

లోపల పిండి జల్లిస్తున్న తిరుపాలమ్మ చెయ్యి ఆగిపోయింది. పస్తున్నందుకు ఆమెకు ఏనాడూ కోపం రాలేదు. ఈ మాటకు వచ్చింది. పెళ్ళయిన ఏడు కళ్ళంలో పొద్దంతా పని చేసొచ్చి, తన ముద్ద తినేసి అతని పళ్ళెంలోకి చెయ్యి చాపితే, నీది కడుపా చెరువా అని పడీ పడీ నవ్వింది ఈ మనిషే. అది ఎట్లా మర్చిపోయాడు? మర్చిపోలేదు. మర్చిపోతే తినడం సులువని మర్చిపోయినట్టున్నాడు. ఆమెకు ఏడుపు రావలసింది గానీ రాలేదు. జల్లెడ పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం సంగటి నేనే చేస్తానని జాహ్నవి పట్టుబట్టింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ముఖమంతా పిండి పూసుకుని, చెమటలు కక్కుతూ గెలికింది. రెండు ముద్దలే వచ్చాయి. మనుషులు ముగ్గురు.

“పిండి తక్కువ పోశానేమో ఆంటీ. అంకుల్ స్నానం చేసి వచ్చేలోపల మళ్ళీ చేసేస్తాలెండి. ముందు మీరు తినండి. ఈ ఒక్కరోజు నా మాట వినాల్సిందే.”

ఒక ముద్ద తిరుపాలమ్మ పళ్ళెంలో పెట్టి, నడుమ గుంత చేసి నెయ్యి పోసి, పక్కన చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి వేసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రెండో ముద్ద తను పెట్టుకుని అప్పుడే తుంచి నోట్లో వేసుకుంది. రెండోసారి ఎసరు పెడితే ఆ కుండలో పిండి ఉడకదని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చిన మనిషిని నువ్వు పస్తుండమని ఆ ఇంట్లో ఏనాడూ ఎవరూ అడిగింది లేదు.

ఆదినారాయణ తల తుడుచుకుంటూ వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. ముందర పళ్ళెం లేదు. పెళ్ళాం పళ్ళెం చూశాడు, ఆ పిల్ల పళ్ళెం చూశాడు. తిరుపాలమ్మ తన పళ్ళెం ఇటు జరుపుతుందని ఎదురుచూశాడు. ఆమె చెయ్యి పళ్ళెం అంచు దాకా పోయింది కూడా. ముద్ద పొగలు కక్కుతోంది. రాగి వాసన ముక్కుకు కొట్టి నోట్లో నీళ్ళూరాయి. ఆమెకు నిజంగా ఆకలిగా ఉంది. ఎన్నో నెలల ఆకలి అది. వేళ్ళు అంచు వదిలి ముద్దను తుంచాయి, నేతిలో అద్దాయి, నోట్లో పెట్టాయి. నాలుక కాలింది. అయినా ఆపలేదు.

“మే,” అని పిలిచాడు ఆదినారాయణ.

ఆమె తల ఎత్తలేదు. “ఏంది?”

 అతను గోడ పట్టుకుని లేచి, ఆయాసపడుతూ పోయి, తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చి ఆమె పక్కన పెట్టాడు.

“మెల్లగా తిను. గొంతు పట్టుకుంటాది.”

జాహ్నవి చెయ్యి కడుక్కుని లేవబోయింది, మళ్ళీ ఎసరు పెడతానంటూ.

“వద్దులే పాపా,” అన్నాడు. “నాకు ఈ పొద్దు ఆకల్లేదు.”

ఆమె ఆఖరి మెతుకు దాకా తిని పళ్ళెం తుడిచేవరకూ అతను అక్కడే కూర్చుని చూశాడు. తర్వాత వాకిట్లో మంచం వాల్చుకుని, అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారుజామున మహేష్ కారు తెచ్చాడు. జాహ్నవి తిరుపాలమ్మను వాటేసుకుని, రాత్రి మీరు తింటుంటే నాకెంత సంతోషమైందో అంది. మంచం మీద దుప్పటి కప్పుకున్న అంకుల్‌కు నిద్రాభంగం కాకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి కారెక్కింది. కారు మలుపు తిరిగినాక తిరుపాలమ్మ మంచం దగ్గరికి పోయి అతని పాదం ముట్టుకుంది. ముట్టుకునే ముందే తెలుసు ఆమెకు.

మైమూన్ గోడ దాటి వచ్చి పక్కన కూలబడింది.

“రాత్రి ఎన్నైనాయి అక్కా?”

“రెండు.”

“ఎవురు తినిరి?”

“ఆ పాప ఒకటి. ఇంగొకటి నేనే తింటి.”

 మైమూన్ ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది. అప్పుడు వచ్చింది తిరుపాలమ్మకు ఏడుపు. ఆ ఏడుపుకు వీధి చివరి ఇళ్ళవాళ్ళు కూడా తలుపులు తీశారు. కడుపులో ఇంత తిండి ఉంటే ఎంత గట్టిగా ఏడవచ్చో ఆమెకే అంతవరకు తెలియదు.