ఇటుక పొడి పేజీ

గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ‘రాజ్యం కారం’ అని కొట్టి నొక్కగానే మొట్టమొదట ఏమొస్తోందయ్యా అంటే, ‘రాజ్యం కారంలో ఇటుక పొడి’ అని వస్తోంది. రాజ్యం ముచ్చటపడి పెట్టించుకున్న సొంత వెబ్‌సైటు దాని కింద దిక్కులు చూస్తోంది. చూసినప్పుడల్లా ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

“సిలారూ, పేరు నాది, కారం నాది, ప్యాకెట్టు మీద మొహం నాది. ఎవరో ఒకావిడ రాసింది నా నెత్తినెక్కి కూర్చుంటే నువ్వు కుర్చీలో కూర్చుని చూస్తన్నావేంది?”

సిలార్ అద్దంకి బస్టాండు పక్కన నెట్ సెంటర్ నడుపుతాడు. ఊళ్లో నాలుగు వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసిపెట్టింది అతనే. “నన్నంటావేందక్కా? దాన్ని చేతులారా పైకెక్కించింది బావగారు గదా!” అన్నాడు.

ఆ మాట నిజం. అదే రాజ్యానికి ఇంకా మంట.

రాజ్యానికి, ఆమె మొగుడు యలమందయ్యకి కలిపి ఒక కారం మిల్లు ఉంది. కాయ కొనడం ఆమె వంతు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగున ఉన్న మిరపకాయ పైకి లాగి చూస్తే గానీ బేరం ఆడదు. తెల్లబారిన తాలు కాయ ఒక్కటి కనబడినా పక్క కొట్టుకి నడుస్తుంది. మిల్లు ఆడించడం, ప్యాకెట్లు కట్టించడం యలమందయ్య వంతు. పెళ్లయిన కొత్తలో ఆమె ఇంటింటికీ తిరిగి అమ్మిన కారం కాబట్టి, దానికి ఆమె పేరే పెట్టారు. ఇప్పుడు, రెండు వేల ఏడో సంవత్సరంలో, హైదరాబాదులో పెద్ద పెద్ద కొట్లున్న ఒక కంపెనీ ఆ కారాన్ని తన కొట్లన్నిట్లో పెట్టుకుంటానంది. అంతా మాట్లాడుకున్నాక ఆ కంపెనీ మేనేజరు ఊరికే ఉండక, నెట్‌లో ఆమె పేరు కొట్టి చూశాడు. చూసి ఫోన్ చేశాడు. “ఇదేంటండీ ఇది? సోమవారం మళ్లీ చేస్తాను. ఈలోగా దీని సంగతేదో తేల్చండి” అన్నాడు.

అసలు ఆ పేజీ మొదట్లో ఎక్కడుంది? ఎక్కడో అడుగున, ఎవరూ చూడని చోట పడి ఉంది. హైదరాబాదులో ఒక ఇల్లాలు తన వంటల గురించీ పిల్లల గురించీ రాసుకునే బ్లాగు అది. నెట్‌లో ఊసుపోక తిరిగే మేనల్లుడొకడు దాన్ని చూసి, ఉన్నపళంగా వచ్చి యలమందయ్య చెవిన వేశాడు. యలమందయ్య చెప్పులేసుకుని సిలార్ దగ్గరికి పరిగెత్తాడు. రాజ్యం కూడా వెంట వెళ్లింది.

“వదిలెయ్యండి బావగారూ. అంత అడుగుదాకా వెళ్లి చూసేవాడెవడు? మనం కదపకపోతే అదక్కడే పడుంటది” అని సిలార్ ఆ రోజే చెప్పాడు.

“మన ఇంటి పేరు బజార్న పెడితే వదిలెయ్యమంటావేంట్రా? తిప్పి కొట్టాల్సిందే!” అన్నాడు యలమందయ్య.

తిప్పి కొట్టాడు. తమ వెబ్‌సైటు నెత్తిన ఎర్రటి అక్షరాలతో, ‘ఈ రాతలు నమ్మవద్దు, ఇదిగో ఆ దుర్మార్గపు పేజీ’ అని లింకుతో సహా పెట్టించాడు. బావమరిది రైస్ మిల్లు సైటులో పెట్టించాడు. తోడల్లుడి కోల్డ్ స్టోరేజీ సైటులో పెట్టించాడు. ఒంగోల్లో ఒక వార్తల సైటువాడిని బతిమాలి అక్కడా వేయించాడు. అంతటితో ఆగాడా? ఆటోకి మైకు కట్టించి, ‘రాజ్యం కారం మీద ఇంటర్నెట్‌లో వస్తున్న ఇటుక పొడి ప్రచారాన్ని ప్రజలు నమ్మవద్దు’ అని ఊరంతా తిప్పించాడు. అప్పటిదాకా ఇటుక పొడి మాటే ఎరగని జనం, ఏంటా ప్రచారమని సిలార్ సెంటర్ ముందు బారులు తీరారు. సిలార్‌కి బేరమే బేరం, రాజ్యానికి తలకొట్టేసినట్టు అయింది. హైదరాబాదులో బ్లాగులు రాసే కుర్రాళ్లు ఆ ఎర్రక్షరాల నోటీసు చూసి పడీపడీ నవ్వి, వాళ్లూ తలా ఒక లింకు ఇచ్చారు.

“గూగుల్ మనిషి కాదక్కా, చదివి తప్పొప్పులు చెప్పడానికి” అని సిలార్ ఇప్పుడు మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. “అది ఒక పేజీలోంచి లింకు పట్టుకుని ఇంకో పేజీలోకి పోతా, కనబడిందల్లా చదివి గుర్తు పెట్టుకునిద్ది. నువ్వొక మాట కొడితే, ఆ మాట ఏయే పేజీల్లో ఉందో చూసిద్ది. ఆ పేజీ వైపు వేలు చూపించేవాళ్లు ఎంతమంది, వాళ్లకి ఏపాటి పేరుంది అని చూసిద్ది. ఎక్కువమంది చూపిస్తే, ఓహో ఇందులో ఏదో ఉందనుకుని పైకి తెచ్చిద్ది. పొగిడి చూపించారా, తిట్టి చూపించారా, దానికి పట్టదు.”

“అంటే ఆ పేజీకి పల్లకీ మోసింది మా ఆయనేనా?”

“బంధువులందర్నీ తీసుకొచ్చి మరీ మోశాడు.”

“ఆ లింకులన్నీ పీకెయ్. ఇప్పుడే. నా కళ్లముందు పీకెయ్.”

సిలార్ పీకేశాడు. బావమరిదికీ తోడల్లుడికీ రాజ్యమే ఫోన్లు చేసి వాళ్లవీ తీయించింది. ఊరికే తీసేస్తే చాలదు, మన పేజీలో జనానికి పనికొచ్చే సంగతి ఉండాలన్నాడు సిలార్. సరేనని మిరపకాయ ఎట్లా ఆరబెట్టాలి, ముచ్చికలు ఎట్లా తీయాలి, ఏడాదిపాటు కారం రంగు పోకుండా ఎట్లా దాచుకోవాలి అన్నీ ఆమె చెబుతుంటే అతను టైపు చేశాడు. మిల్లులో ముచ్చికలు తీసే ప్రేమమ్మని కూర్చోబెట్టి ఫొటో తీశాడు. ఇక కాస్త ఓపిక పట్టమన్నాడు.

ఓపిక ఎక్కడినుంచి వస్తుంది! శనివారం పొద్దున మళ్లీ వచ్చి కొట్టి చూసింది. ఇటుక పొడి పేజీ మొదటి చోటే ఉంది. రాజ్యం సైటు మాత్రం రెండో చోట లేదు, పదో చోట లేదు, అసలెక్కడా లేదు.

సిలార్ మొహం మాడిపోయింది. సైటు తెరిచి అటూ ఇటూ వెతికాడు. పేజీ అడుగున తెల్లగా ఖాళీగా ఉన్న చోట మౌసుతో రుద్దితే, నీలం పట్టీ మీద అక్షరాలు బయటపడ్డాయి. కారం, కారం, మంచి కారం, గుంటూరు కారం, కారం, కారం. గజం పొడుగున అదే గోల.

“ఇట్టా దాచిపెట్టి రాస్తే మోసమని గూగుల్ సైటునే వెళ్లగొట్టిద్ది. బావగారు పాస్‌వర్డ్ ఎవరికన్నా ఇచ్చాడా అక్కా?”

రాజ్యం అక్కణ్నుంచే మొగుడికి ఫోన్ చేసింది. యలమందయ్య గర్వంగా ఒప్పుకున్నాడు. “ఒంగోల్లో ఒక కుర్రాడు చేసిపెట్టాడు. తెల్ల కాయితం మీద తెల్ల అక్షరాలే! మనుషులకి కనబడవు, గూగుల్‌కి కనబడతయ్. ఎట్టా ఉంది ఐడియా?”

“నీ ఐడియా తగలెయ్యా! కనబడకుండా పెట్టింది మోసమని కనిపెట్టి మనల్ని మొత్తానికే వెళ్లగొట్టిందంట!”

“అది కనిపెట్టిద్దని నాకేం తెలుసు?”

ఆమె ఫోను పెట్టేసి, పక్కనున్న కుర్చీలో కూలబడింది. ఈ మనిషితో వేగడం తన వల్ల కాదనిపించింది. ఏడుపు కూడా వచ్చింది.

“తెల్లక్షరాలు తీసేసి, క్షమించమని గూగుల్ వాళ్లకి రాస్తాను. వాళ్లు మళ్లీ చూసేసరికి వారాలు పట్టిద్ది” అన్నాడు సిలార్. “సోమవారంలోగా అయ్యే పని ఒకటే. ఆ బ్లాగావిడకే మర్యాదగా రాసి, తీసెయ్యమని అడుగుదాం. ఆవిడ రాసిందానికి జవాబు చెప్పాలిగా, ఏమని చెప్పను?”

“ఏం రాసింది?”

సిలార్ ఆమె వంక వింతగా చూశాడు. “చదవలేదా నువ్వు?”

రాజ్యం చదవలేదు. పైనున్న ఆ ఒక్క వాక్యం తప్ప ఇంకేమీ చూడలేదు. ఎప్పుడు తెరవబోయినా యలమందయ్య, “ఆ దరిద్రం చదివి బీపీ పెంచుకోమాక” అని అడ్డం పడేవాడు. ఇన్నాళ్లూ ఆమె గొడవంతా అది పైన ఉందా, కింద ఉందా అన్నదే.

తెరిచి చదివింది. ఆవిడ తిట్టలేదు. ‘మా అత్తగారిది సింగరాయకొండ. మా ఇంట్లోకి రాజ్యం కారం తప్ప ఇంకొకటి రానివ్వరు. ఈ వేసవిలో తెచ్చిన ప్యాకెట్టు ఎందుకో తేడాగా ఉంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి చెంచాడు కారం పైన చల్లి చూడండి. మంచి కారం చాలాసేపు పైన తేలుతుంది. ఇది చల్లీ చల్లగానే అడుగుకి దిగిపోయింది. దిగినదాన్ని వేళ్లతో నలిపితే గరగరలాడింది. ప్యాకెట్టు మీద నంబరుకి ఫోన్ చేశాను. ఒకాయన, నీ దిక్కున్న చోట చెప్పుకోమని పెట్టేశారు. ఆ ప్యాకెట్టు మీదున్న రాజ్యంగారు ఎవరో ఆమెకి ఈ సంగతి తెలుసో లేదో.’

నీ దిక్కున్న చోట చెప్పుకో. ఆ మాట రాజ్యం రోజూ ఇంట్లో వినేదే. ఇంకోటి కూడా ఆమెకి అప్పుడే తట్టింది. ఇంత రభస చేసిన యలమందయ్య, మైకులో తప్ప ఇంట్లో ఒక్కసారి కూడా ‘అది అబద్ధం’ అనలేదు.

మిల్లుకి వెళ్లి, ఆటోకి ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న పెట్టెలోంచి ఒక ప్యాకెట్టు తీసుకుని ఇంటికొచ్చింది. ఇంట్లో వాడేది ఈ మధ్య యలమందయ్య విడిగా ఆడించి తెచ్చిన కారం. దాన్ని ఒక గ్లాసులో చల్లింది, ప్యాకెట్టులోది ఇంకో గ్లాసులో చల్లింది. ఇంటి కారం నీళ్ల మీద ఎర్రగా పరుచుకుని కదలకుండా ఉంది. రెండోది నిమిషం తిరక్కుండా అడుగుకి చేరింది. నీళ్లు వంచేసి ఆ మడ్డిని బొటనవేలితో రుద్దింది. గ్లాసు గీసుకుపోయింది. రాజ్యం రెండు గ్లాసులూ పొయ్యి గట్టు మీద పక్కపక్కన పెట్టింది.

యలమందయ్య సాయంత్రం వచ్చి గ్లాసులు చూశాడు. రాజ్యం మడ్డి ఉన్న గ్లాసు అతని ముందుకి జరిపింది.

“ఎప్పట్నుంచి?”

“మీ అమ్మకి బాగాలేక నువ్వు కనిగిరిలో ఉన్నప్పుడు. కాయ రేటు ఎట్టా పెరిగిందో చూశావుగా. అందరూ కలుపుతున్నారు. మనం వేసింది ఎంతని, చిటికెడు.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్తే ఊరుకుంటావా నువ్వు?”

“మరి ఇంట్లోకి విడిగా ఎందుకు ఆడించావయ్యా?”

యలమందయ్య చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, “సర్లే, అయిందేదో అయింది. ఆ పేజీ తీయించే సంగతి సిలార్ ఏమన్నాడు?” అని అడిగాడు.

రాజ్యానికి ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి కొత్తవాడిలా కనబడ్డాడు.

సోమవారం మేనేజరు చెప్పిన వేళకే ఫోన్ చేశాడు. యలమందయ్య పక్కనే నిలబడి, గిట్టనివాళ్లు రాశారని చెప్పమని చేతులతో సైగలు చేశాడు. “అమ్మా, ఆ పేజీ ఇంకా మొదటే కనబడుతోంది. మా వాళ్లకి ఏం చెప్పమంటారు?” అని అడిగాడు మేనేజరు.

“అందులో రాసింది నిజమేనండీ” అంది రాజ్యం. “నాకు మొన్ననే తెలిసింది. ఇప్పుడు మీరు మా సరుకు పెట్టుకోవద్దు. కొత్త కాయ వచ్చాక నేనే దగ్గరుండి ఆడిస్తాను. అప్పుడు పంపిస్తే నీళ్లలో వేసి చూసుకోండి. అప్పటికీ వద్దనిపిస్తే మానెయ్యండి.”

అవతల ఆయన, మళ్లీ మాట్లాడతానని పెట్టేశాడు. మళ్లీ చేస్తాడన్న ఆశ ఆమెకి లేదు.

“నీకు మతిగానీ పోయిందా? చేతికందిన ఆర్డరు నేలపాలు చేశావ్! ఊళ్లో తలెత్తుకుని తిరగనిస్తారా మనల్ని?” అని యలమందయ్య ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

రాజ్యం సిలార్ నంబరు తిప్పింది. “ఆవిడకి నేనే రాస్తాను, నువ్వు టైపు చేద్దువుగాని. తీసెయ్యమని కాదు. ఇన్నాళ్లూ నాకు తెలియదు, ఇప్పుడే తెలిసిందని. మన సైటు మొదట్లో కూడా అదే పెట్టు, ఆవిడ పేజీకి లింకు ఇచ్చి పెట్టు” అంది.

“అక్కా, మనమే లింకిస్తే అదింక అక్కణ్నుంచి దిగదు” అన్నాడు సిలార్.

“దిగొద్దు. ఆ ప్యాకెట్లు ఇంకా ఎన్ని ఇళ్లలో ఉన్నయ్యో” అని ఫోను పెట్టేసి, మిల్లు తాళాలు ఇమ్మని మొగుడి ముందు చెయ్యి చాపింది.