బచ్చలి ముందర పడి ఉన్న మనిషి

మా అత్త మహమూదా బీ జారి పడిన రోజు నుంచి మా ఇంట్లో ఇద్దరు అత్తలయ్యారు. ఒకామెతోనే వేగలేకపోతుంటే ఇంకొకామె కూడానా అని మీరు నవ్వుకోవచ్చు. మొదట్లో నేనూ నవ్వాను.

పడింది మా వాకిట్లోనే, స్నానాలు చేసే బచ్చలింటి ముందర. తడి బండ మీద కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఆదోనిలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక బాగానే అతికిందని, ఇక నడకే మందని డాక్టరు చెప్పాడు. "ఇప్పుడు నడిపించకపోతే కాలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఇంక మంచమే" అన్నాడు. ఎమ్మిగనూరు మగ్గాలకు నూలు కండెలు చుట్టి ఒంటి చేత్తో కొడుకును పెంచిన మనిషి ఆమె. గ్లాసుడు నీళ్ళు కూడా ఒకరిని అడిగి తాగదు. ఆమె మంచాన పడితే నేను చూడలేను. నాకు ఆమె మీద కోపం ఎంతుందో, ప్రాణమూ అంతే ఉంది.

వాకర్ పట్టుకుని ఇంట్లో బాగానే తిరిగేది. వాకిట్లోకి వచ్చాక మాత్రం బచ్చలికి కాస్త ఇవతల టక్కున ఆగిపోయేది.

"నడువత్తా" అన్నాను.

"యాడ నడిచేది? ఆయమ్మ అడ్డంగా పడుండాదే."

"ఏ అమ్మ?"

"నేనే."

"అది భయమత్తా. ఆ పొద్దు పడినావు కదా, అందుకే."

"భయం కాదు ఫర్హానా. మీరు నన్ను లేపుకొని ఆస్పత్రికి పోయినారు. దాన్ని ఎవరూ లేపలే."

తిక్క మాటలని కసిరాను. కానీ ఎమ్మిగనూరు ఎండకు వాకిలంతా పెనంలా కాలుతున్నా, అక్కడ మాత్రం బండ తడి ఆరేది కాదు. ఆ తడి ఒక మనిషి పొడవున ఉండేది. మా మేక కూడా దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోయేది. మేకకు బుద్ధేముందిలే అనుకున్నాను.

నేను మాత్రం రోజూ బకెట్లు మోసుకుంటూ దాని మీదుగానే పోయేదాన్ని. పోయినప్పుడల్లా అత్త వసారాలో మంచం మీద తొడ పట్టుకుని మూలిగేది.

"పడుకున్న మనిషిని దాటొద్దని మీయమ్మ సెప్పలేదామ్మే?"

మా ఇళ్ళల్లో పడుకున్నవాళ్ళను దాటరు. పొరపాటున దాటితే మళ్ళీ వెనక్కి దాటాలి, లేకుంటే వాళ్ళకు ఎదుగుదల ఉండదంటారు. ఆ మాట పిల్లలకు గానీ, మనవళ్ళను ఎత్తే వయసులో నీకేం ఎదుగుదల అని నోరు పారేసుకున్నాను. ఆమె కాలేమో నా కళ్ళ ముందే సన్నబడిపోతోంది. "నడవకుంటే సన్నబడదా?" అన్నాడు మా ఆయన తౌసీఫ్. నిజమే. అయినా నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం బకెట్‌తో అటు దాటాను. అత్త మూలగలేదు. నోట్లో కొంగు కుక్కుకుని నా వైపు చూస్తోంది. ఆ చూపుకు నా కోపమంతా నీరుకారిపోయింది. బకెట్ దించి వెనక్కి దాటాను. ఆ పొద్దు ఆమెను లేపినట్టే వంగి, ఖాళీ బండ మీద రెండు చేతులూ చాపాను.

"లే అత్తా. ఇంక చాల్లే."

చేతులకు తడిసిన రవిక తగిలింది. దాని లోపల చల్లటి ఒళ్ళు. వదిలేసి పారిపోదామనుకున్నాను, కానీ అది మా అత్త బరువే. పళ్ళు బిగబట్టి ఎత్తాను. ఎత్తుతుండగానే చేతులు తేలికైపోయాయి. వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే అత్త వాకర్ పట్టుకుని లేచి నిలబడి ఉంది.

తనంతట తానే నడిచి బచ్చలికి పోయింది. తన నీళ్ళు తానే పోసుకుంది. ఆ చెంబు చప్పుడు వింటూ వాకిట్లో కూర్చుని ఏడ్చాను. బండ పొడిగా ఉంది.

ఆ తర్వాత అత్త రోజూ నడిచింది. కాలికి కండ పట్టింది. మళ్ళీ నా వంటకు వంకలు పెట్టడం మొదలుపెట్టింది. ఇంక గట్టెక్కామనుకున్నాను.

మొన్న పొద్దున బచ్చలికి పోతూ అక్కడే ఆగింది. కిందికి చూసింది. వాకర్‌ను అవతల పెట్టి, కాలు బాగా పైకెత్తి, దేన్నో దాటింది.

"మళ్ళీ ఏమైందత్తా? నిన్ను లేపినాను కదా!"

"నన్ను లేపినావులేమ్మే."

"మరి ఇదెవరు?"

అత్త నన్ను నిలువునా చూసింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"తలంతా నెరిసిపోయింది. అయినా గుర్తుపట్టనా నేను?"

కిందికి చూశాను. బండ తడిగా ఉంది. ఆ పూట వాకిట్లో ఇంకా ఎవరూ నీళ్ళు చల్లలేదు. అత్త వాకర్‌ను మెల్లగా ఇటు తిప్పుకుంది. అతికిన కాలును ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఆపసోపాలు పడుతూ మళ్ళీ వెనక్కి దాటింది.

"ఎనక్కి దాటినాను. నీకేం కాదులే" అంది. "లేపుదామంటే, నువ్వు పడేనాటికి నేనుండను కదమ్మా."