స్టాండెందుకు, నువ్వున్నావుగా

మా ఆయన బండి కింద దూరిన ప్రతిసారీ నాకు ముచ్చెమటలు పడతాయి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మెకానిక్ పెళ్ళానికి బండంటే భయమేమిటని మా అత్తయ్య రోజూ నవ్వుతూనే ఉంటుంది. ఆవిడకేం, లోపలి గదిలో మంచం మీద కాళ్ళు చాపుకుని రేడియో వింటుంది. బండి పట్టుకు నిలబడేది నేను.

మా ముందు గదే మా షెడ్డు. రోడ్డు మీదికి తెరుచుకునే షట్టరు, నూనె తాగి తాగి నల్లబడ్డ నేల, గోడకు వరసగా వేలాడే స్పానర్లు. చిన్న బళ్ళకు మెయిన్ స్టాండు ఉంటుంది కాబట్టి వాటితో గొడవ లేదు. చిక్కంతా పెద్ద బళ్ళతోనే. వాటికి ఉండేది ఒంటికాలి సైడ్ స్టాండు ఒక్కటే. వెనక చక్రం ఊడదీయాలంటే బండిని ఆ కాలి మీద బాగా వాల్చి, రెండో పక్క ఇంజను కింద చెక్క దిమ్మ దూర్చి, చక్రాన్ని నేలకు అందకుండా లేపాలి. ఆపైన ఎవరో ఒకరు హ్యాండిల్ పట్టుకుని కదలకుండా నిలబడాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేనే. కింద వెల్లకిలా పడుకునేది మా ఆయన.

ఆయనకు చెవులు వినపడవు. కొన్నేళ్ళ కిందట వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ రెండు చెవులనూ పట్టుకుపోయింది. ఇంజను చప్పుడు వినలేని మెకానిక్కు ఎందుకు పనికొస్తాడని అప్పట్లో షెడ్డు మూసేస్తానన్నాడు. వారం పాటు షట్టరు తీయలేదు, సరిగా అన్నం తినలేదు. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. ఆయన ఎదురుగా కూర్చుని, "మీకు చెవులు లేకపోతే పోనివ్వండి, నేను పక్కన నిలబడతాను. బండి నేను పట్టుకుంటాను. మీరు పని చెయ్యండి" అన్నాను. మర్నాడు షట్టరు తీశాడు.

అప్పటి నుంచీ మా పద్ధతి మాకు కుదిరింది. కేకేసినా లాభం లేదు కదా, బండి ట్యాంకు మీద అరచేత్తో కొడతాను. ఆ అదురు ఇనుములోంచి ఆయన చేతికి తెలుస్తుంది. ఒక దెబ్బ కొడితే ఆగమని. రెండు కొడితే బయటికి రమ్మని. మిగతా మాటలకు నా పెదాలు చూస్తాడు. కోపంలో గబగబా మాట్లాడితే ఒక్క ముక్కా అందదు, అందుకని మా ఇంట్లో పోట్లాట కూడా నిదానంగానే ఆడాలి.

ఇప్పుడు అసలు సంగతి. చలికాలం మొదట్లో నా కుడిచెయ్యి మొద్దుబారడం మొదలైంది. ముందు వేలి కొసలు. తర్వాత బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పూర్తిగా. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. బరువులు పట్టుకోవద్దంది. నేను బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, ఆ మధ్యాహ్నమే పెద్ద బండి ఒకటి పట్టుకున్నాను. గ్లాసులు జారి పగులుతుంటే మా అత్తయ్య, "నీ చేతిలో గాజు సామాను బతకదే, ఎక్కడ పెట్టుకుంటావమ్మా ధ్యాస" అని దెప్పేది. దెప్పనీలే అనుకున్నాను. గ్లాసు పగిలితే ఊడ్చుకోవచ్చు.

మా ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే షట్టరు దించేస్తాడు. ఈసారి మళ్ళీ తీయడు. చెప్పకపోతేనేమో ఏదో ఒక రోజు బండి ఆయన మొహం మీద పడుతుంది. ఈ రెండిటి మధ్యా నలిగిపోయాను. హ్యాండిల్ పట్టుకుని నిలబడినప్పుడల్లా నా వేళ్ళు బిగిసి ఉన్నాయో లేదో నాకు తెలిసేది కాదు. కళ్ళతో చూసుకోవాల్సి వచ్చేది. చూపు పక్కకు తిప్పేదాన్ని కాదు.

అలాంటి రోజుల్లో కాలేజీ లెక్చరరుగారు తన పెద్ద బండి తోలుకొచ్చాడు. దున్నపోతంత బండి. వెనక చక్రం బేరింగు పోయింది. మా ఆయన దిమ్మ కోసం వంగుతుంటే భుజం పట్టి లేపాను.

"ముందు స్టాండు కొందాం."

"స్టాండెందుకు, నువ్వున్నావుగా" అన్నాడు. వినపడని మనిషి కదా, వీధి చివరిదాకా వినిపించేలా అన్నాడు.

"కొంటేనే. లేకపోతే నేను పట్టుకోను."

నా మొహంకేసి ఒక్క నిమిషం చూశాడు. "విసుగొచ్చిందా?"

విసుగు కాదు, భయం అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ ఆ పాడు నోరు, "వచ్చింది. మనిషిని కానా నేను?" అనేసింది. ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

బళ్ళ సామాను దుకాణం ఆయన మమ్మల్ని చూడగానే కుర్చీలు వేశాడు. రెండు రకాలు చూపించాడు. మొదటిది ముందు చక్రాన్ని దూర్చే ఇనుప చట్రం, దానికి తోడుగా ఇంజను కింద పెట్టే జాకీ. చక్రాన్ని చట్రంలోకి తోస్తే బండి దానంతటదే నిటారుగా నిలబడుతుంది, జాకీ తిప్పితే వెనక భాగం లేస్తుంది. రెండోది వెనక స్టాండు. చిన్న చక్రాల మీద నడిచే వంపు తిరిగిన గొట్టం. వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీల కింద దాని రబ్బరు దిమ్మలు ఆనించి, పొడుగాటి పిడిని నేలకు తొక్కితే చక్రం లేస్తుంది.

"మొదటిదైతే ఒక్కరే చేసుకోవచ్చండీ. రెండోదానికి మాత్రం బండి ముందు ఒకరు పట్టుకోవాలి, వెనక ఒకరు తొక్కాలి" అని మా ఆయనకు తెలిసేలా పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాడు.

నా ప్రాణం మొదటిదాని మీదే ఉంది. చట్రాన్ని చేత్తో ఊపి చూశాను. కదల్లేదు. దాన్ని కౌగిలించుకోవాలనిపించింది. వెనక్కి తిరిగేసరికి మా ఆయన రెండోదాని పిడి పట్టుకుని ఉన్నాడు.

"ఇది చాలు. ఇంకోటి మరీ ఒంటరి పని" అన్నాడు.

దుకాణం ఆయన నవ్వాడు. "మీ ఆవిణ్ణి వదిలి ఉండలేరన్నమాట."

అది మా ఆయనకు అందలేదు. నాకు అందింది. విసుగొచ్చిందని నేనన్నందుకు బరువు తగ్గించాడు, కానీ నన్ను పూర్తిగా తీసేయలేదు. అలాంటి మనిషికి నేనేం చెప్పను? నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. సరేనని తలూపాను. పిరికిదాన్ని.

ఇంటికొచ్చాక ఆయన చిన్నపిల్లాడిలా హుషారుగా ఉన్నాడు. స్టాండు రబ్బర్లు తుడిచాడు, చక్రాలకు నూనె పెట్టాడు. నేను బండికి ఎడమ పక్క నిలబడి రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాను. సైడ్ స్టాండు కాలితో మడిచాను. ఇప్పుడు అంత బండీ నా చేతుల మీదే ఉంది. ఆయన వెనక్కి వెళ్ళి స్టాండు దూర్చాడు. కుడివైపు రబ్బరు సరిగా ఆనిందో లేదోనని బండికి అటుపక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు.

నేను నా కుడిచేతినే చూస్తున్నాను. పట్టుకునే ఉంది. లోపలి నుంచి మా అత్తయ్య, "మంచినీళ్ళమ్మా" అంది. అలవాటున తల తిప్పాను. అంతే.

మళ్ళీ చూసేసరికి కుడిచెయ్యి హ్యాండిల్ మీద లేదు. ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు. బండి నాకు అటుపక్కకు, ఆయన పక్కకు ఒరిగిపోతోంది. ఎడమచెయ్యి ఒక్కటే దాన్ని లాగి పట్టుకుంది. "లేవండి" అని అరిచాను. ఎవరికని అరిచాను? ఆయన తాపీగా రబ్బరు సర్దుతున్నాడు. ట్యాంకు మీద కొట్టాలి. కుడిచేత్తో కొట్టబోతే అది ట్యాంకు మీద చప్పుడైనా కాకుండా జారిపోయింది, నాది కానట్టుగా. ఎడమచెయ్యి వదిలితే బండి ఆయన మీద పడిపోతుంది. భగవంతుడా అనుకుని ఒరిగిపోతున్న బండి మీదికి వంగి నుదురుతో ట్యాంకును కొట్టాను. ఇంకోసారి కొట్టాను.

రెండు దెబ్బలు. ఆయన చూడలేదు, ఆలోచించలేదు, వెనక్కి దొర్లాడు. ఎడమచేతిలోంచి బండి ఊడిపోయింది. ఆయన తల ఉన్న చోటే బండి వెనక భాగం పడింది. హ్యాండిల్ నేలకు కొట్టుకుని అద్దం ముక్కలైంది.

లోపలి నుంచి మా అత్తయ్య, "ఈసారి ఏం పగలగొట్టావే" అంది. మా ఆయన లేచి నా నుదుటి మీద రక్తం చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి అద్దాడు. అద్దుతూ అద్దుతూ స్టాండును కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"దరిద్రపు స్టాండు. జారిపోయింది. ఇప్పుడే ఆ దుకాణం వాడి మొహాన కొట్టేసి వస్తాను. మనకివేం వద్దు. ఎప్పటిలా నువ్వే పట్టుకో. నీ చెయ్యి ఉంటే నాకు ధైర్యం."

స్టాండు జారలేదు. ఉన్నచోటే బుద్ధిగా ఉంది. ఆయన అప్పుడే దిమ్మ కోసం మూలకు వెళ్తున్నాడు. లెక్చరరుగారి బండి లేపి, దాని కింద పడుకుని, నన్ను నమ్మి పనిలో పడతాడు. నాకు అంతకుముందు పడ్డ భయమంతా ఒక ఎత్తు, అప్పుడు పడ్డ భయం ఒక ఎత్తు. వెళ్ళి ఆయన చేతిలోంచి దిమ్మ లాక్కున్నాను. మొహంలో మొహం పెట్టి నిలబడ్డాను.

"స్టాండు మంచిదే. నా చెయ్యే మంచిది కాదు."

అర్థం కాలేదు. మళ్ళీ నిదానంగా చెప్పాను. "కుడిచేతికి తెలియడం లేదు. పట్టుకున్నదీ తెలియదు, వదిలిందీ తెలియదు."

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

ఆయన షెడ్డు చుట్టూ చూశాడు. చలికాలం నుంచి ఇక్కడికొచ్చి వెళ్ళిన బళ్ళన్నీ ఆ ఖాళీ నేల మీద కనబడ్డట్టున్నాయి. ఒక్కో బండి కింద తను పడుకోవడం కనబడ్డట్టుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నెమ్మదిగా నేల మీద కూర్చుండిపోయాడు. తిడతాడనుకున్నాను. షట్టరు దించమంటాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఇన్నేళ్ళలో ఆయన భయపడటం నేను చూడలేదు.

"చెప్పొచ్చు కదే" అన్నాడు. మొదటిసారి చాలా మెల్లగా అన్నాడు.

"షెడ్డు మూసేస్తారని."

"మూస్తే మూసేవాణ్ణి. నీ చెయ్యి పోతే నాకు షెడ్డెందుకు?" అని, "రేపు వెళ్ళి ఆ ఇనుప చట్రం తెచ్చుకుందాం. ముందు కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. నా కుడిచేతిని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. జేబులోంచి కరెంటు చూసే టెస్టరు తీశాడు. ఏ తీగలో కరెంటు ఆగిపోయిందో వెతికేటప్పుడు ఎలా పట్టుకుంటాడో అలాగే పట్టుకుని, దాని కొసను నా బొటనవేలికి ఆనించి నా పెదాలకేసి చూశాడు.

"ఇక్కడ?"

"లేదు."

చూపుడువేలు. లేదు. మధ్యవేలు. లేదు. ఉంగరం వేలికి ఒక పక్క లేదు, రెండో పక్క కొద్దిగా ఉంది. చివరికి చిటికెన వేలి దగ్గరికి వచ్చి ఆగాడు. ఆనించడానికి భయపడుతున్నాడు. నేనే వేలు ముందుకు జరిపాను.

"ఇక్కడ తెలుస్తోంది" అన్నాను.

టెస్టరు పక్కన పడేశాడు. ఆ చిటికెన వేలిని గుప్పెట్లో బిగించి పట్టుకుని, మా అత్తయ్య మంచినీళ్ళ కోసం మళ్ళీ పిలిచేదాకా వదల్లేదు.