సొరచేప ఆగదు, కప్ప లేవదు

మా ఆక్వేరియంలో సందర్శకులకు రోజూ ఒకటే పాఠం అప్పజెబుతాను. "ఈ నల్లరెక్కల సొరచేప ఈత ఆపితే ఊపిరాడక చస్తుంది. పక్కగదిలో అడవికప్ప చలికి గడ్డకట్టి, గుండె కూడా ఆపేసి, వెచ్చబడ్డాక మళ్లీ లేస్తుంది." జనం నోరెళ్లబెడతారు. చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి.

మా ఇంట్లోనూ ఇదే వరస. ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి మా ఆయనకు ఉలుకూ పలుకూ లేదు. తిట్టాను, బతిమాలాను, డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. మందులు మింగి మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేనేమో పగలు ఇక్కడ, సాయంత్రం బట్టల కొట్టులో, మధ్యలో వంట. గానుగెద్దునైనా రాత్రి విప్పుతారు. ఇక నావల్ల కాక, వచ్చి నన్ను తీసుకుపొమ్మని అన్నయ్యకు చెప్పేశాను. ఈ సాయంత్రమే వస్తానన్నాడు.

సొరచేప మేత, గడ్డకట్టిన కప్పలు ఒకే చలిపెట్టెలో ఉంటాయి. పొద్దున కళ్లు మూతలు పడుతుంటే, మేత డబ్బా అనుకుని కప్ప డబ్బాను చేపముక్కల బకెట్‌లో బోర్లించాను. గదులన్నీ కడిగి వచ్చి, తొట్టె మీదికి వంగి గుప్పెడు విసరబోతే వేళ్ల మధ్య ఏదో కదిలింది. కెవ్వుమన్నాను. కప్పల్ని చూసుకునే బాబాయ్ పరుగెత్తుకొచ్చి దాన్ని తడిగుడ్డలో అందుకున్నాడు.

"బతికున్నదాన్ని మేతకేస్తావా తల్లీ! అసలు నిద్రపోతున్నావా నువ్వు?"

"పోతే ఇలా చేస్తానా బాబాయ్?"

తిడతాడనుకున్నాను. ఇంటికి పొమ్మన్నాడు.

ఇవాళ కొట్టుకు వెళ్లలేదు. బట్టలు సర్దుకుంటూ జరిగిందంతా మా ఆయన వీపుకు చెప్పాను. వింటాడని కాదు, ఇంకెవరూ లేక. "కప్ప బతికిందిలే" అని ముగించాను.

గోడవైపు నుంచే అడిగాడు. "మరి ఆ సొరచేప ఎప్పుడు పడుకుంటుంది?"

నెలల తర్వాత నన్ను అడిగిన మొదటి మాట అది. "దానికి పడుకునే వీల్లేదుగా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

అతను ఇటు తిరగలేదు. మెల్లగా గోడకు అతుక్కుని, మంచంలో సగం ఖాళీ చేశాడు. నేను ఆ సగంలో ఒరిగాను. ఒళ్లంతా ఒక్కసారిగా బరువెక్కింది. అప్పుడే ఫోన్ మోగింది.

"బయలుదేరుతున్నా. సర్దుకున్నావా?" అన్నాడు అన్నయ్య.

"ఇవాళ రావద్దు అన్నయ్యా."

"ఏం? బావ లేచాడా?"

"లేదు. జరిగాడు."