అత్తయ్య ఒప్పుకోని త్యాగం

భర్త పోయాక కూడా కోడలు అత్తయ్యని వదిలి వెళ్ళలేదు. వెళ్ళమని అత్తయ్యా అనలేదు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పగలు కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. అత్తయ్య కింది వాటాల ఆడవాళ్ళతో పేకాడి, గెలిచిన రోజు కూనిరాగాలు తీస్తూ, ఓడిన రోజు గిన్నెలు దబదబలాడిస్తూ వంట చేస్తుంది. కొన్నేళ్ళు ఇద్దరి మధ్యా ఏ పొరపొచ్చాలూ లేకుండా గడిచిపోయాయి.

ఆ మేడలో లిఫ్టుకి బుద్ధి పుట్టినప్పుడల్లా ఆగిపోవడం అలవాటు. ఒకసారి కోడలు లోపల ఇరుక్కుపోతే మెకానిక్కు వచ్చి బయటికి తీశాడు. ఈలోగా తలుపు సందులోంచి ఇద్దరూ ఎన్ని కబుర్లు చెప్పుకున్నారంటే, తలుపు తెరుచుకోగానే ఆమె "అప్పుడే అయిపోయిందా?" అంది. అలా మొదలైంది. ఏడాది తిరిగేసరికి అతనికి రేవు పట్టణంలో మంచి ఉద్యోగం దొరికింది. పెళ్ళి చేసుకుని కలిసి వెళదామన్నాడు.

ఆమె కుదరదంది. కొడుకు పోయిన దుఃఖం కడుపులో పెట్టుకుని తనని కూతురిలా చూసుకున్న మనిషిని ఒంటరిగా ఎలా వదలడం? వెంట తీసుకెళదామంటే, ఈ మేడనీ పేక జట్టునీ వదిలి చచ్చినా రానని ఆవిడ పదిమందిలో ఎన్నిసార్లో అంది. నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు తమ సుఖం చూసుకోకూడదని కోడలు మనసు రాయి చేసుకుంది.

అతను వాదించలేదు. "ఒక్కసారి అత్తయ్యగారినే అడిగి చూడండి," అని మాత్రం చెప్పి రేవు పట్టణానికి వెళ్ళిపోయాడు.

ఆమె అడగలేదు. దానికి బదులు సేవ మొదలుపెట్టింది. అత్తయ్య లేస్తే చెయ్యందించడం, కూర్చుంటే దిండు సర్దడం, మధ్యమధ్య కిటికీ వైపు తిరిగి నిట్టూర్చడం. అత్తయ్య కొన్నాళ్ళు ఓపిక పట్టింది. అంతలో లిఫ్టు మళ్ళీ మొరాయించింది. ఈసారి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. కింద పేకాటలో ఉన్న అత్తయ్య పాతతను ఏడని అడిగితే, కొత్తవాడు లోకమంతటికీ తెలిసిన సంగతే కదా అన్నట్టు మొత్తం చెప్పేశాడు. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని, మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ వచ్చి సోఫాలో కూలబడింది.

"అతను పెళ్ళాడతానన్నాడా?"

"అన్నారు."

"నువ్వేమన్నావు?"

"కుదరదన్నాను. మిమ్మల్ని వదిలి..."

"నన్నడిగావా?"

కోడలు బిక్కమొహం వేసింది.

"నా పేరు చెప్పి నువ్వు సుఖం మానుకుంటే, నీ మొహం చూసినప్పుడల్లా నేను తల దించుకోవాలా? ఈ వయసులో నాకెందుకే ఆ బరువు? పోనీ మానుకున్నదానివి కులాసాగా ఉన్నావా అంటే, అదీ లేదు. నీ నిట్టూర్పులకి ఇల్లంతా ఉక్కపోస్తోంది."

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మరి మీకు బెంగ ఉండదా అత్తయ్యా?"

అత్తయ్య మోకాలు రాసుకుంటూ కూర్చుంది. "ఎందుకుండదు? అలవాటు చొప్పున ఇద్దరికీ టీ పెట్టి, ఒక కప్పు పారబోసుకుంటాను. ఉండనీ. బెంగపడటం నాకు వచ్చు. నీ జాలి మీద బతకడమే చేతకాదు."

"జాలి కాదు అత్తయ్యా, ప్రేమే."

"ప్రేమైతే అక్కడినుంచి కూడా అందుతుందిలే. ముందు అతనికి ఫోను చెయ్యి, ఇంకెవరైనా ఎగరేసుకుపోకముందే."

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. సాక్షి సంతకం అత్తయ్యే పెట్టింది. రైలు కదులుతుంటే మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, దాచుకోకుండా ఏడ్చింది. కోడలు కిటికీ లోంచి చెయ్యి చాపితే, "లోపలికి తియ్యి, దెబ్బ తగులుతుంది," అని ఏడుస్తూనే కసిరింది.

రేవు పట్టణంలోనూ ఆమెకి కళ్ళజోళ్ళ పనే దొరికింది. సాయంత్రాలు మొగుడూ పెళ్ళాలు ఓడల్ని చూస్తూ నడిచి ఇల్లు చేరేవారు. మొదట్లో ఫోనులో "బాగున్నాను" అనడానికి కూడా ఆమె మొహమాటపడేది, ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించేది. ఒకరోజు అత్తయ్యకి విసుగొచ్చింది.

"ఆ గుసగుసలేమిటే? నిన్న మధ్యాహ్నం నువ్వు గుర్తొచ్చి కాసేపు ఏడ్చాను, తరవాత లేచి కడుపునిండా తిన్నాను. నేను దాస్తున్నానా? నీ సంగతీ సరిగ్గా చెప్పు."

కోడలు వసారాలోకి వచ్చి నిలబడింది. "బాగున్నాను అత్తయ్యా. చాలా బాగున్నాను," అంది, ఎదురింటివాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా.

"ఊఁ, ఇప్పుడు వినపడింది," అంది అత్తయ్య.