శుక్రవారం నాడు నలభై రూపాయలు

అన్యాయం ఎవరికి జరిగింది? ఏ విధంగా జరిగింది? న్యాయం కోరేవారు ఈ రెండు ప్రశ్నలకూ మొదటనే సూటిగా జవాబు చెప్పాలి. అన్యాయం జరిగినది వర్ధనమ్మకు. తాను దాచుకున్న సొమ్మును ఆమె అడిగితే, శుక్రవారం కనుక ఇవ్వకూడదన్నారు. ఆ మాట అన్న పెద్దమనిషే, అదే శుక్రవారం నాడు, ఆమె కొనదలచిన వస్తువును తాను కొనుక్కున్నాడు. తక్కిన కథంతా ఈ మాటలకు వ్యాఖ్యానమే.

వర్ధనమ్మ పుట్టి పెరిగింది, కాన్వెంటులో చదువుకున్నది రంగూనులో. ఆ ఊరిని నర్సీపట్నం వైపు రంగం అంటారు. భర్త భానుమూర్తి మాత్రం నర్సీపట్నంలోనే పుట్టి, చిన్నతనంలో మేనమామ వెంట ఓడెక్కి, టేకు కలప కంపెనీలో చాలాకాలం గుమాస్తాగిరీ చేశాడు. కంటిచూపు మందగించి అంకెలు అలుక్కుపోవడం మొదలైన తరువాత, పందొమ్మిదివందల ఇరవై ఆరులో, "ఇక మన దేశం వెళ్ళిపోదాం వర్ధనం" అన్నాడు. ఆ 'మన' అన్న మాట తనొక్కడికే వర్తిస్తుందని ఆయనకు తోచలేదు. నలభై దాటిన వయసులో వర్ధనమ్మ పరదేశానికి కాపురం వచ్చింది.

నూతినీళ్ళ రుచికి ఆమె అలవాటు పడింది. చుట్టపొగకు అలవాటు పడింది. పిల్లలెందుకు లేరని దారినపోయే వాళ్ళు నిలబెట్టి అడగడానికి కూడా అలవాటు పడింది. అలవాటు కానిది ఒక్కటే, డబ్బు దాచుకోవడం.

రంగూనులో ఆమె వెళ్ళే బ్యాంకులో ఇత్తడి కటకటాలు ఉండేవి. వాటి వెనుక గుమాస్తా తలెత్తేవాడు కాదు. సంతకం చూసేవాడు, రూపాయలు తోసేవాడు. "ఎలా ఉన్నారు" అని గాని, "ఎందుకు" అని గాని ఏనాడూ అడిగి ఎరుగడు. ఆ మర్యాదలేనితనంలో ఎంత మర్యాద ఉన్నదో నర్సీపట్నం వచ్చాక గాని ఆమెకు బోధపడలేదు.

నర్సీపట్నంలో ఆమె చేరిన పరస్పర సహాయ నిధి అంటే సూర్యనారాయణమూర్తి గారి వీధి అరుగు. ఆయన నిధికి సెక్రటరీ, భానుమూర్తికి చిన్ననాటి స్నేహితుడు. నిధి ఇనప్పెట్టె ఆయన తల్లి లలితాంబగారి పూజగదిలో ఉండేది. తాళంచెవి ఆమె బొడ్డున ఉండేది. అందువల్ల నిధి నిబంధనలను అచ్చువేసినది మద్రాసులో అయినా, నడిపించేది పంచాంగం. డబ్బు వేయడానికి ఏ వారమైనా మంచిదే, ఏ వేళైనా శుభమే. తీసుకోవడానికి మంగళవారం పనికిరాదు, శుక్రవారం అసలే పనికిరాదు, అమావాస్య కూడదు, దీపాలు పెట్టాక కూడదు. లక్ష్మిని ఆ వేళల్లో గడప దాటించరాదు. తక్కిన రోజుల్లోనైనా దరఖాస్తులో కారణం రాయాలి. ఆ కారణాన్ని సెక్రటరీగారు అరుగు మీద కూర్చున్న పెద్దలకు చదివి వినిపిస్తారు. వాళ్ళు సలహా చెబుతారు. ఒకాయన ఎద్దును కొనాలని అడిగితే, ఆ ఎద్దు సుడి మంచిది కాదని అరుగు మీద తీర్మానమై డబ్బు పెట్టెలోనే ఉండిపోయింది.

"చూశావా, మనిషిని మనిషి పట్టించుకునే దేశం ఇది" అని భానుమూర్తి మురిసిపోయాడు.

భర్త కళ్ళు ఇక సంపాదించవు. దాచినది నెలనెలా కరుగుతోంది. అది పూర్తిగా కరిగిన నాడు ఆయన జ్ఞాతుల వాకిట్లో చెయ్యి చాచి నిలబడాలి. ఆ వాకిలి తొక్కకూడదని వర్ధనమ్మ గట్టిగా అనుకుంది. ఆమెకు కాన్వెంటు సిస్టర్లు నేర్పిన కుట్టుపని ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు రవికలు కుట్టించుకోవడానికి మగదర్జీకి కొలతలు ఇవ్వలేక, పాత రవికనే ఆదిగా పంపి, వచ్చినదాన్ని వచ్చినట్టు తొడుక్కుంటున్నారు. ఒక్క కుట్టుమిషను ఉంటే ఇల్లు గడిచిపోతుంది. కొత్త మిషను వెల వంద దాటుతుంది. అది ఆమె చేతికి అందేది కాదు.

ఒక గురువారం సాయంత్రం బండితోలే జోగులు యలమంచిలి నుంచి సరుకు దింపి వస్తూ వాకిట్లో ఆగాడు.

"అమ్మగోరూ, యలమంచిలిలో మిషనరీ దొరసానిగోరు సీమకెల్లిపోతన్నారు. కుట్టుమిసను అమ్మేత్తారట. నలబై రూపాయలు. ఎవులు ముందు తెస్తే ఆలకే. మీకు బేగి సెప్పాలని పరిగెట్టుకొచ్చినాను."

వర్ధనమ్మ చెప్పులు తొడుక్కుని నిధికి వెళ్ళేసరికి లోపల దీపం పెడుతున్నారు.

"దీపాల వేళ అయిపోయింది కదమ్మా చెల్లెమ్మా" అన్నాడు సూర్యనారాయణమూర్తి, ఎంతో బాధపడుతున్నట్టు. "అయినా కారణం రాసి ఉంచు. ఇంతకీ ఎందుకు నలభై?"

"నా డబ్బే కదా అన్నయ్యగారూ. నాకు కావాలి."

"అదొక కారణమా తల్లీ! అరుగు మీద చదివితే నవ్వుతారు."

ఆమె రాసింది. యలమంచిలి, దొరసాని, మిషను, నలభై. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

"రేపు శుక్రవారమాయె. అమ్మ సంగతి నీకు తెలుసు. శనివారం పొద్దున్నే రా. దొరసాని ఎక్కడికి పోతుంది?"

శనివారం పొద్దున్న నలభై రూపాయలూ ఆమె చేతికి వచ్చాయి. భానుమూర్తి వాటిని ఉత్తరీయం కొంగున ముడివేసుకుని అద్దెబండిలో బయలుదేరాడు. సగం దారిలో జోగులు బండి ఎదురైంది. బండిలో, గడ్డి మీద, గోనెపట్టా కప్పుకుని కుట్టుమిషను పడుకుని ఉంది.

"ఏటి బాబూ, తవరు ఇటొస్తన్నారు?" అన్నాడు జోగులు తెల్లబోయి. "రంగం అమ్మగోరు వద్దనుకున్నారని సెక్రట్రీ బాబుగోరు సెప్పేరే! నిన్న పొద్దున్నే నలబై నా సేతిలో ఎట్టి, పగ్గం ఊడిపోయినా ఆగకు అన్నారు."

భానుమూర్తి ఇంటికి వచ్చి ఈ మాట భార్యకు చెప్పి, "పోనీలే, స్నేహితుడి ఇంటికే చేరింది కదా" అని కూడా అన్నాడు. వర్ధనమ్మ ఆ రాత్రి ఆయనకు పెరుగు వేయడం మరిచిపోయింది. సోమవారం నాడు నలభై రూపాయలూ తీసుకువెళ్ళి నిధిలో తిరిగి వేసింది. వేయడానికి వర్జ్యం లేదు కదా.

సూర్యనారాయణమూర్తికి ఉన్న చిక్కు ఏమిటంటే, మిషను కొన్నాడు గాని కుట్టడం ఆయన ఇంట్లో ఎవరికీ రాదు. ఆయన భార్య అలివేలుమంగ చక్రం తిప్పినప్పుడల్లా దారం తెగేది. మూడోవారంలో, గురువారం మధ్యాహ్నం, ఆమె కబురు పంపింది: వదినగారు రంగంలో నేర్చుకున్నారట, ఒక్కసారి వచ్చి చూపించి వెళ్ళమని. అడగడానికి సిగ్గుపడాలని ఆమెకు తెలియదు. భర్త ఆమెకు ఏమీ చెప్పలేదు.

వర్ధనమ్మ వెళ్ళింది. మిషను నడవలో, వీధి అరుగుకూ పూజగదికీ మధ్య ఉంది. అరుగు మీద పెద్దలు. పూజగదిలో జపమాలతో లలితాంబగారు. వర్ధనమ్మ సూదిని తిరగేసి సరిగా బిగించింది, దారం ఎక్కించింది, ఒక చెంగు అంచు కుట్టి చూపింది. చీమల బారులా కుట్టు సాగింది.

"అమ్మయ్య! సూదే తిరగబడిందా? మా ఆయన మిషనే పాడయిందని దొరసానిని తిడుతున్నారండీ" అంది అలివేలుమంగ.

"మంచి మిషను. మంచి రోజున కొని ఉంటారు" అంది వర్ధనమ్మ, చక్రం ఆపకుండా. "ఏ వారం కొన్నారు వదినగారూ?"

"శుక్రవారమండీ! పొద్దున్నే జోగులుకి డబ్బిచ్చి తోలేశారు. అంత తొందర నేను ఎప్పుడూ చూళ్ళేదు."

పూజగదిలో జపమాల ఆగింది.

"ఒరే సూర్యం" అని లోపలినుంచి పిలుపు వచ్చింది. ఆయన అరుగు మీది నుంచి లేచి వచ్చాడు. "శుక్రవారం పూట నలభై రూపాయలు ఈ గడప దాటించావా?"

"అది కాదమ్మా..."

"ఏది కాదురా? ఆ నలభై నిధివా, మనవా?"

సూర్యనారాయణమూర్తి అరుగు వైపు చూశాడు. అక్కడ చుట్టలు ఆరిపోయాయి గాని ఎవరూ వెలిగించుకోవడం లేదు. నిధి సొమ్మంటే జైలు. ఇంటి సొమ్మంటే తల్లి.

"మనవేనమ్మా" అన్నాడు, రెండింటిలో తల్లినే ఎంచుకుని.

"అయితే ఊరివాళ్ళ లక్ష్మిని భద్రంగా పెట్టెలో కూర్చోబెట్టి, మన లక్ష్మిని శుక్రవారం పూట బండెక్కించి తోలేశావన్నమాట! దీపాల వేళకి ఆ దిక్కుమాలిన వస్తువు నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

"ఇప్పటికిప్పుడు ఎవరికి ఇవ్వనమ్మా?"

"నాకు ఇవ్వవచ్చు పెద్దమ్మగారూ" అంది వర్ధనమ్మ లేచి నిలబడి. "అన్నయ్యగారు పెట్టిన నలభైకే తీసుకుంటాను. నా డబ్బు మీ పెట్టెలోనే ఉంది. దరఖాస్తు రాయగానే ఆయనకు చెల్లుతుంది."

"తీసుకుపోవమ్మా. నువ్వెక్కడికి పోతావు, నీ డబ్బెక్కడికి పోతుంది" అంది లలితాంబగారు. జోగులే మిషనును భుజాన వేసుకుని వచ్చాడు. దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు వర్ధనమ్మ నిధికి వచ్చి, నలభై రూపాయలకు దరఖాస్తు ఇచ్చింది. కారణం: సెక్రటరీగారి బాకీ తీర్చుట. నిబంధన ప్రకారం ఆయన దాన్ని అరుగు మీద చదివి వినిపించాలి. చదివాడు.

"కారణం దివ్యంగా ఉంది గాని, ఇవాళ శుక్రవారం" అన్నారు పెద్దలు.

"అవును కదా" అంది వర్ధనమ్మ. "పరదేశం నుంచి వచ్చినదాన్ని, మరిచిపోతాను." నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

పై శుక్రవారం ఆమె మళ్ళీ వచ్చింది. ఆ పై శుక్రవారం కూడా. వారంలో తక్కిన రోజులు ఆమెకు తీరిక లేదు. ఇంటినిండా రవిక గుడ్డలు, కొలతలిచ్చే ఆడవాళ్ళు. శుక్రవారం మిషనుకు నూనె పెట్టి ఆరనిచ్చే రోజు. ఆనాడు మాత్రమే ఆమెకు బాకీ గుర్తుకు వచ్చేది. దరఖాస్తు లేనిదే ఎవరి ఖాతాలోనూ చెయ్యి పెట్టకూడదన్నది నిధి నిబంధన. శుక్రవారం డబ్బు తియ్యకూడదన్నది తల్లి నిబంధన. తన డబ్బు తనకు చేరకుండా కాపలా కాసే ఉద్యోగం సూర్యనారాయణమూర్తికే పడింది. వర్షాలు వచ్చాయి, వెళ్ళాయి. శుక్రవారం ఉదయం నిధి అరుగు మీద చోటు దొరకడం కష్టమైపోయింది. గొలుగొండ నుంచి బెల్లం అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళు కూడా దరఖాస్తు చదవడం విని మరీ వెళ్ళేవారు.

చివరికి ఒక బుధవారం ఆయనే వర్ధనమ్మ ఇంటికి వచ్చాడు. రవికలకోసం వచ్చిన ఆడవాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు గాని, వెళ్ళిపోలేదు.

"చెల్లెమ్మా, ఇంట్లో నీకు నలభై రూపాయలు ఉండవా? నా డబ్బు నాకు ఇచ్చెయ్యి."

"ఎందుకు అన్నయ్యగారూ? ఏమైనా అవసరం వచ్చిందా?"

"అవసరమేమిటి! నా డబ్బు. నాకు కావాలి. అంతకంటే కారణం ఉండాలా?"

వర్ధనమ్మ మిషను ఆపింది.

"ఈ మాటే ఆ గురువారం మీ అరుగు మీద నేనన్నాను. చదివితే నవ్వుతారన్నారు. ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు, చూడండి."

ఆయన తల వంచుకున్నాడు. "ఏం చెయ్యమంటావు?" అన్నాడు. ఆ గొంతులో సెక్రటరీ లేడు.

"ఎల్లుండి శుక్రవారం. దరఖాస్తులో కారణం ఈ ఒక్క మాటే రాస్తాను. మీరు చదివి, డబ్బు ఇవ్వాలి. నాకే కాదు. ఇకమీదట ఆ కారణం మీద ఎవరు అడిగినా, ఏ వారమైనా ఇవ్వాలి. పెద్దమ్మగారిని ఒప్పించే భారం మీది, కొడుకు మీరు."

ఆయన తల్లికి ఏం చెప్పాడో ఊరికి తెలియలేదు. గురువారం సాయంత్రానికి మాత్రం ఇనప్పెట్టె పూజగదిలో నుంచి వీధి గదిలోకి మారింది. పెట్టెకూ లక్ష్మికీ ఒకే గదిలో పొసగడం లేదని లలితాంబగారే సెలవిచ్చారని అలివేలుమంగ చెప్పింది. తాళంచెవి కొడుకు చేతికి వచ్చింది.

శుక్రవారం అరుగు మీద ఇసుక వేస్తే రాలదు. సూర్యనారాయణమూర్తి దరఖాస్తు అందుకుని, గొంతు సవరించుకుని, గట్టిగానే చదివాడు:

"కారణం: నా డబ్బు గనుక."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సలహా చెప్పడానికి అందులో ఏమీ దొరకలేదు. ఆయన పెట్టె తెరిచి నలభై వెండి రూపాయలు బల్ల మీద పెట్టాడు.

"అయితే బాబూ, నాదీ ఆ కారణవే, రాసుకోండి. రెండు రూపాయలు!" అని మెట్ల కింద నుంచి జోగులు అరిచాడు.

వర్ధనమ్మ రూపాయలను తన వైపుకు లాక్కుని, ఒక్కొక్కటీ మోగించి చూసుకుంది. ఆ పైన ఆ నలభైనీ అదే బల్ల మీద, అదే మనిషి వైపుకు తోసింది. ఎలా ఉన్నారని అడగలేదు.

లోపలినుంచి లలితాంబగారి గొంతు వినవచ్చింది. "ఒరే సూర్యం, లక్ష్మి వెళ్ళిందా, వచ్చిందా?"

"రెండూ అయ్యాయి పెద్దమ్మగారూ" అని వర్ధనమ్మే జవాబు చెప్పింది. "నా బాకీ పూర్తిగా తీరిపోయింది. మీ అబ్బాయిగారిది కూడా."