మిగిలిన ద్రాక్షారసం

టేబుల్ మీద తడిని ఏసేపు మూడోసారి తుడిచాడు. ఆదివారం మధ్యాహ్నం, కర్నూలులో ఆయన పనిచేసే బారులో తాగుతున్నది ఇద్దరే. విత్తనాల కంపెనీలో పనిచేసే హర్షవర్ధన్, భూపేష్. ఒకడికి చేదు బీరే అమృతం. ఇంకొకడికి ఎర్ర వైను తప్ప మిగతాదంతా కుడితి. గంట నుంచీ అదే పంచాయితీ.

"నువ్వు చెప్పప్పా, ఏది మేలు?" అన్నాడు భూపేష్.

"నేను తాగనప్పా."

"ఇరవై ఏండ్లుగా ఈడ పోస్తాండావు. రుచే తెలీదా?"

ఇద్దరూ నవ్వారు. ఏసేపుకు చురుక్కుమంది. ఊరుకుంటే పోయేది, నోరు ఊరుకోలేదు.

"నేను చేసే ద్రాక్షారసం ముందర ఇవేం పనికిరావు."

నిజమే, సొంతూరు నందికొట్కూరు చర్చిలో ప్రభువు బల్లకు, ఆరాధనలో అందరూ భక్తితో తలా ఒక గుక్క తాగే ఆ సంస్కారానికి, రసం చేసేది ఆయనే. నల్లద్రాక్ష, చక్కెర, నాలుగు లవంగాలు. జాడీ మూతికి తెల్లగుడ్డ కట్టి ఇరవై ఒక్క రోజులు. ఆరాధన అయ్యాక మిగిలినది పవిత్రం కాబట్టి చర్చి వెనక, ఎవరూ తొక్కని చోట మట్టిలో పోయాలి. ఆ పొద్దున బస్సు తప్పిపోతుందని చిన్న సీసాలో పట్టి సంచిలో వేసుకున్నాడు, సాయంత్రం పోయొచ్చులే అని.

"యాడుండాది? చూపించు మల్ల."

తెచ్చాడు. చేతులారా రెండు గ్లాసుల్లో పోశాడు. మెచ్చుకుంటారని పక్కనే నిలబడ్డాడు కూడా, ఏం ఆశో ఏమో.

హర్షవర్ధన్ నాలుక ఆనించి మొహం చిట్లించాడు. "దగ్గుమందప్పా ఇది. బీరే నయం." గ్లాసులో ఉన్నది పల్లీల పొట్టు ప్లేటులోకి వంచేశాడు. భూపేష్ కూడా అదే చేశాడు.

పొద్దున అదే రసాన్ని ఏసేపు భార్య విశ్వాసమ్మ తలమీద కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని తాగింది. అది గుర్తొచ్చింది. ప్లేటును చెత్తబుట్టలో వంచడానికి చెయ్యి రాలేదు. బారు వెనక చేత్తోనే మట్టి గోకి, పొట్టుతో సహా పూడ్చాడు.

సాయంత్రం ఊళ్లో దిగి నేరుగా పాస్టరు ఇంటికి వెళ్లి, తన దగ్గరుండే చర్చి తాళంచెవి ఆయన ముందు పెట్టాడు.

"ఇంకెవరికన్నా చెప్పండయ్యా. నేను చెయ్యలేను."

"ఏమైంది ఏసేపూ? ఈ తూరి రసం శానా బాగుండాదని అందరూ అంటాండారే."

ఏసేపు తాళంచెవిని ఆయన వైపు ఇంకాస్త జరిపాడు. ఊళ్లో అందరికీ హోటలు పని అనే చెప్పుకున్నాడు. ఇప్పుడు ఏ నోటితో చెప్పాలి?

తర్వాతి నెల బల్ల దగ్గర గిన్నె తన దాకా వస్తే తాగకుండా పక్కవాళ్లకు అందించాడు. విశ్వాసమ్మ ఎన్నిసార్లు అడిగినా కారణం చెప్పలేదు. తొలి వానలు పడకముందే, ఒక మధ్యాహ్నం నిద్రలోనే ప్రాణం పోయింది.

బారులో కౌంటరు వెనక, బీరు సీసాల వరస చివర, ఆ ఆదివారం ఆయన మరిచిపోయిన చిన్న సీసా అలాగే ఉంది. అడుగున ఒక గుక్క ఇంకా ఎర్రగా మిగిలి ఉంది.